కొమ్మాదిలో అద్దెకిచ్చే ఫ్లాటుకు రుణం: స్థిర వడ్డీయా, ఫ్లోటింగ్ వడ్డీయా?

కొమ్మాది_కొత్తిల్లు
విశాఖపట్నం కొమ్మాదిలో రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి చూశాం. కట్టడం పూర్తయింది, ఓసీ (నివాసానికి అనుమతి పత్రం) కూడా వచ్చింది కాబట్టి జీఎస్టీ బెడద లేదు. ధర 62 లక్షలు. మేం ఉండేది గోపాలపట్నంలో నాన్న కట్టిన ఇంట్లో, అది వదిలి వెళ్లే ఆలోచన లేదు. ఈ ఫ్లాటు అద్దెకివ్వడానికే. చేతిలో 17 లక్షలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే దాచాను. మిగిలిన 45 లక్షలకు రెండు చోట్ల మంజూరు వచ్చింది.

ఒక బ్యాంకు రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీకి) ముడిపెట్టిన, దానితో పాటు మారే ఫ్లోటింగ్ వడ్డీ ఇస్తానంటోంది. ఇవాళ్టి లెక్కన 8 శాతం, ఈఎంఐ 37,640. ఒక గృహ రుణ సంస్థ స్థిర వడ్డీ ఇస్తానంటోంది. 9.75 శాతం, ఈఎంఐ 42,683. రెండూ ఇరవై ఏళ్లకే. అద్దె 17,000 వస్తుందని పక్క ఫ్లాటువాళ్లు చెప్పారు.

నెలకు ఐదు వేల తేడా చిన్నది కాదు. కానీ 2022లో మా ఆఫీసులో సగం మంది ఈఎంఐలు పెరిగి ఎలా ఇబ్బంది పడ్డారో చూశాను. నాన్న స్థిర వడ్డీయే తీసుకోమంటున్నారు. మా టీమ్‌లో ఒక్కరు కూడా ఆ మాట అనడం లేదు. అద్దె ఇంటికి ఏది మేలు? వచ్చే వారంలోగా సంతకం చేయాలి.

ఎన్ఏడీ_కూడలి
ఫ్లోటింగ్. ఒకటిముప్పావు శాతం ఎక్కువ కట్టి కొనుక్కునేంత భయం ఎందుకు?

ఉక్కునగరం_వాసి
పై సమాధానం ఇచ్చినవారు 2022లో ఈఎంఐ కట్టలేదని అనుకుంటున్నాను.

నా సంగతి చెబుతాను. 2021 జనవరిలో కూర్మన్నపాలెంలో ఫ్లాటు కొన్నాను, అద్దెకివ్వడానికే. 30 లక్షల రుణం, 6.7 శాతం, ఇరవై ఏళ్లు, ఈఎంఐ 22,722. అంత తక్కువ వడ్డీ మళ్లీ రాదన్నారు. నిజమే, మళ్లీ రాలేదు. 2022 మే 4న రిజర్వు బ్యాంకు ముందుగా చెప్పని సమావేశం పెట్టి రెపోను 4 నుంచి 4.40 చేసింది. అక్కడ మొదలై 2023 ఫిబ్రవరికి 6.50 దగ్గర ఆగింది. నా వడ్డీ 9.2 అయింది. ఈఎంఐ మాత్రం పైసా మారలేదు. బాగానే ఉందనుకున్నాను. ఒకరోజు ఖాతా వివరాలు తీయించి చూస్తే మిగిలిన గడువు చూసి కళ్లు తిరిగాయి. నేను రిటైరయ్యాక కూడా పదిహేనేళ్లు కట్టాలట.

అద్దె అప్పుడూ 9,500, ఆ తర్వాతి ఏడాదీ 9,500. వడ్డీ పెరిగిందని అద్దెకున్నవారికి చెప్పి అద్దె పెంచగలమా? వారి జీతం రెపోతో పాటు పెరగదు కదా.

పెందుర్తి_పద్మ
ఈఎంఐ మారకుండా గడువు అంతలా ఎలా పెరుగుతుందండీ? రెండున్నర శాతమే కదా పెరిగింది.

వడ్డీ_లెక్క
పద్మ గారూ, రెండున్నర శాతమే అనిపిస్తుంది, కానీ ఇరవై ఏళ్ల రుణంలో తొలి ఏళ్ల ఈఎంఐలో అసలు చాలా తక్కువ. ఉక్కునగరం గారి 30 లక్షలే తీసుకుందాం. రెండేళ్లు కట్టాక మిగిలిన అసలు దాదాపు 28.47 లక్షలు. దాని మీద 9.2 శాతం చొప్పున నెలకు వడ్డీ 21,827. ఆయన కట్టేది 22,722. అంటే అసలులోకి వెళ్లేది తొమ్మిది వందల రూపాయలు కూడా లేదు. అదే ఈఎంఐతో తీర్చుకుంటూ పోతే మిగిలిన 18 ఏళ్లు కాస్తా 35 ఏళ్లు దాటుతుంది. వడ్డీ ఇంకో అర శాతం పెరిగి ఉంటే ఈఎంఐ వడ్డీకే చాలేది కాదు, అప్పు ప్రతి నెలా పెరిగేది.

గడువు 18 ఏళ్లలోనే ఉంచాలంటే ఈఎంఐ సుమారు 27,000 చేయాలి. నెలకు 4,300 అదనం.

ఇప్పుడు అదే పద్ధతి లేదు. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, లేక రెండూ కొంత కొంత పెంచాలా అన్నది రుణం తీసుకున్నవారిని అడిగే చేయాలి. గడువు పెంచినా ఈఎంఐ వడ్డీకైనా చాలని స్థితి రాకూడదు. మూడు నెలలకోసారి అసలెంత, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని ఈఎంఐలు మిగిలాయో రాసి ఇవ్వాలి. ఆ కాగితం వచ్చినప్పుడు చివరి అంకె ఒక్కటి చూడండి చాలు.

ఉక్కునగరం_వాసి
నేను చేసింది అదే. బ్యాంకుకు వెళ్లి ఈఎంఐ 27,000కు పెంచమని రాసిచ్చాను. ఆ ఏడాది మా ఇంట్లో సంక్రాంతికి కొత్త బట్టలు పిల్లలకే. ఇప్పుడు వడ్డీ తగ్గింది, ఈఎంఐ మాత్రం నేను తగ్గించలేదు.

ఎన్ఏడీ_కూడలి
తొందరపడి రాశాను, ఒప్పుకుంటున్నాను. నాది ఉండే ఇల్లు, అద్దె గొడవ లేదు. పైగా 2022లో కొంత సొమ్ము ముందుగా కట్టేశాను, అందుకే నొప్పి తెలియలేదు. అయినా నా ఓటు ఫ్లోటింగ్‌కే.

పెదవాల్తేరు_పెద్దాయన
నేను నావికా డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికిచ్చే గృహ నిర్మాణ అడ్వాన్సుతో ఇల్లు కట్టుకున్నాను. మొదట అసలంతా జీతంలో కోసుకున్నారు, ఆ తర్వాతే వడ్డీ. సాధారణ వడ్డీ, చక్రవడ్డీ కాదు. చివరి వాయిదా ఏ నెలలో తీరుతుందో మొదటి రోజే తెలుసు. పై అంతస్తు అద్దెకిచ్చాను, ఆ అద్దెతోనే ఇద్దరమ్మాయిల చదువులు గట్టెక్కాయి.

బాబూ, మీ నాన్నగారు చెబుతున్నది అదే భద్రత. ఇరవై ఏళ్లలో ఉద్యోగం మారవచ్చు, ఆరోగ్యం మారవచ్చు. అప్పు ఒక్కటైనా మారకుండా ఉండాలని పెద్దవాళ్లు కోరుకోవడంలో తప్పు లేదు. నెలకు ఐదు వేలు ఆ నిశ్చింతకు కట్టే ధర అనుకోండి.

సీతమ్మధార_శారద
పెద్దాయన గారూ, మీకు దొరికినది నిజమైన స్థిర వడ్డీ. బయట స్థిర వడ్డీ పేరుతో అమ్మేది చాలాసార్లు అది కాదు. నా అనుభవం ఈ అబ్బాయికి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

2006లో మురళీనగర్‌లో ఫ్లాటు కొన్నాం, మావారి బదిలీల వల్ల అద్దెకిచ్చేశాం. ఒక సంస్థలో స్థిర వడ్డీ 9.25కు తీసుకున్నాం. ఫ్లోటింగ్ అప్పుడు దానికంటే తక్కువే ఉంది, అయినా నిశ్చింత కోసం ఎక్కువ కట్టడానికి సిద్ధపడ్డాం. సరిగ్గా మూడేళ్లకు ఒక ఉత్తరం వచ్చింది. వడ్డీ 12.25 శాతం అని. నేను నమ్మలేక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి ఒప్పంద పత్రం తీసి పదకొండో పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. స్థిర వడ్డీని మూడేళ్లకోసారి సమీక్షించే హక్కు సంస్థకు ఉంటుందని అందులో ఉంది. దాని కింద మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

అదే ఏడాది కొత్తగా రుణం తీసుకునేవారికి మొదటి సంవత్సరం 8 శాతమే అని పత్రికల నిండా ప్రకటనలు. పాత అప్పు తీర్చి అక్కడికి మారదామంటే ముందుగా తీర్చినందుకు రెండు శాతం రుసుము కట్టమన్నారు. మావారు ఆ రోజు ఇంటికొచ్చి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాలుగేళ్లపాటు నా ట్యూషన్ల డబ్బు మొత్తం ఆ ఫ్లాటుకే పోయింది.

కాబట్టి బాబూ, మీరు అడిగిన ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీకు ఇస్తామంటున్న 9.75 ఎంతకాలం స్థిరం? మంజూరు పత్రం కాదు, ఒప్పంద పత్రం నమూనా అడిగి చదవండి. నోటిమాట వద్దు.

పెందుర్తి_పద్మ
శారద గారూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

కొమ్మాది_కొత్తిల్లు
శారద గారి పోస్టు చదివి మధ్యాహ్నం సెలవు పెట్టి ద్వారకానగర్‌లోని ఆ సంస్థకు వెళ్లాను. ఒప్పంద పత్రం కావాలంటే సంతకాల రోజు ఇస్తామన్నారు. ఇప్పుడే కావాలని కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత ఒక ప్రతి ఇచ్చారు.

వడ్డీ మొదటి మూడేళ్లే స్థిరం. ఆ తర్వాత సంస్థ సొంత ఆధార రేటు మీద ఫ్లోటింగ్‌గా మారుతుంది. అది రెపోకు ముడిపడి లేదు. మూడేళ్ల లోపు తీర్చేస్తే మిగిలిన అసలు మీద రుసుము ఉంది. మంజూరు పత్రంలో ఇరవై ఏళ్లు, 9.75, స్థిరం అన్న మూడు మాటలే పక్కపక్కన ఉన్నాయి. నేను ఆ మూడింటినీ కలిపి చదువుకున్నాను.

నాన్నకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇది స్థిరం ఎలా అవుతుంది?" అన్నారు.

వడ్డీ_లెక్క
చదవడం మంచిదైంది. బ్యాంకులు 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహ రుణాలను రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపెట్టి తీరాలి, కనీసం మూడు నెలలకోసారి సరిచూడాలి. గృహ రుణ సంస్థలకు ఆ నిబంధన లేదు, వారి ఆధార రేటు వారే నిర్ణయించుకుంటారు. రెపో తగ్గినప్పుడు అది ఎంత త్వరగా తగ్గుతుందన్నది వారి చేతుల్లో ఉంటుంది. అంటే మీ ముందున్నది ఇరవై ఏళ్ల స్థిర వడ్డీకీ ఫ్లోటింగ్‌కీ మధ్య ఎంపిక కాదు. మూడేళ్ల నిశ్చింతకూ ఫ్లోటింగ్‌కీ మధ్య ఎంపిక. ఆ మూడేళ్లకు మీరు కట్టే అదనం లక్షా 81 వేలు.

పెదవాల్తేరు_పెద్దాయన
మూడేళ్లకే అయితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఏళ్లూ మారని వడ్డీ దొరికితే మాత్రం నా మాట నాదే.

తీరం_వీధి
అందరూ వడ్డీ దగ్గరే ఆగిపోయారు. అద్దె 17,000 అన్నారు. ఏడాదికి పన్నెండు నెలలూ వస్తుందని ఎవరు చెప్పారు?

నాకు ఎండాడలో ఒకటి, లాసన్స్ బేలో ఒకటి ఉన్నాయి. ఖాళీ నెలలు లెక్కలో పెట్టుకోండి. ఆషాఢంలో ఖాళీ అయిందంటే శ్రావణం వరకూ వచ్చి పాలు పొంగించేవారు దొరకరు. పుష్యమాసంలోనూ అదే తంతు. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలికి కిటికీ గ్రిల్సు, ఏసీ బయటి యూనిట్లు, గేటు కీళ్లు అన్నీ తుప్పే. కొమ్మాదిలో బీచ్ రోడ్డంత ఉండదు కానీ రుషికొండ వైపు నుంచి గాలి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా రెండు ఇళ్ల అద్దాలూ పోయాయి, రెండు నెలలు అద్దె అడగడానికి మనసు రాలేదు. మెయింటెనెన్స్, జీవీఎంసీకి (నగరపాలక సంస్థకు) ఇంటి పన్ను, మధ్యవర్తికి నెల అద్దె. ఇవన్నీ తీస్తే చేతికి 14,000 మిగిలితే గొప్ప.

37,640 ఈఎంఐకి 14,000 అద్దె. మిగతా 23,000 పైచిలుకు మీ జీతంలోంచే. అసలు దీన్ని కొనడం అవసరమా?

కైలాసగిరి_మలుపు
తీరం గారితో విభేదిస్తాను. ఇవాళ్టి అద్దె చూసి మాట్లాడితే ఈ ఊళ్లో ఎవరూ ఇల్లు కొనలేరు. భోగాపురం విమానాశ్రయం వస్తోంది, టీసీఎస్‌కు రుషికొండలో స్థలం ఇచ్చారు, 2025 అక్టోబరులో గూగుల్ డేటా కేంద్రం ప్రకటించారు. కొమ్మాది, ఆనందపురం వైపు అద్దెలు పెరగకుండా ఎలా ఉంటాయి? వడ్డీ అర శాతం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

తీరం_వీధి
పెరగవచ్చు, పెరగాలనే నా కోరిక కూడా. కానీ ఈఎంఐ వచ్చే నెల ఐదో తేదీన కట్టాలి. డేటా కేంద్రం నడవడానికి కావలసింది కరెంటు, నీళ్లు, కేబుళ్లు. అది ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు అంత మందికి అద్దె ఇళ్లు వెతికిస్తుందని నేను లెక్క వేయను. వచ్చే అద్దెను నమ్మి ఇవాళ్టి అప్పు చేయవద్దని మాత్రమే అంటున్నాను.

కైలాసగిరి_మలుపు
డేటా కేంద్రం సంగతి మీరన్నది సరే. విమానాశ్రయం సంగతి చూద్దాం.

పన్నుల_పుస్తకం
పన్ను కోణం ఎవరూ ఎత్తలేదు. అద్దె ఇంటికి స్థిర వడ్డీయా ఫ్లోటింగా అన్నదానికి దీనితో నేరుగా సంబంధం ఉంది.

ఏడాది అద్దె 2,04,000. ఇంటి పన్ను నాలుగు వేలు కట్టారనుకుందాం, మిగిలింది 2 లక్షలు. మరమ్మతుల కింద మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతం తగ్గిస్తారు. ఇక 1,40,000. అద్దెకిచ్చిన ఇంటికి రుణంపై కట్టిన వడ్డీ మొత్తాన్ని దీనిలోంచి తీయవచ్చు. ఉండే ఇంటికున్న రెండు లక్షల పరిమితి ఇక్కడ లేదు. 8 శాతమైతే మొదటి ఏడాది వడ్డీ దాదాపు 3,56,500. ఇంటి మీద నష్టం 2,16,500. పాత పన్ను విధానంలో ఉంటే అందులో రెండు లక్షల వరకే జీతంలోంచి తగ్గించుకోవచ్చు. 2017-18 నుంచి ఈ గీత ఉంది. మిగిలిన పదహారు వేల చిల్లర తర్వాతి ఎనిమిదేళ్లలో ఇంటి ఆదాయం ఉంటేనే సర్దుకోవాలి.

9.75 శాతమైతే వడ్డీ 4,35,000 పైన. నష్టం 2,95,000 పైన. తగ్గించుకోగలిగేది మాత్రం అదే రెండు లక్షలు. అంటే స్థిర వడ్డీ కోసం అదనంగా కట్టే దాదాపు 79 వేలకు ఆ ఏడాది పన్నులో ఒక్క రూపాయి ఊరట లేదు. "వడ్డీ ఎక్కువైతే పన్ను తగ్గుతుందిలే" అని చెప్పే ఏజెంట్లు ఈ మాట చెప్పరు.

కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది. అద్దె ఆదాయం వరకు వడ్డీ సర్దుకోవచ్చు, దాటిన నష్టాన్ని జీతం మీద ఒక్క రూపాయి కూడా వేయలేరు. మీరు ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోండి.

ఇంకొకటి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవారికిచ్చే సొమ్ములో 1 శాతం, అంటే 62,000, టీడీఎస్‌గా మీరే పట్టి ప్రభుత్వానికి కట్టాలి. చాలామంది మరచిపోయి తర్వాత నోటీసు అందుకుంటారు.

కొమ్మాది_కొత్తిల్లు
నేను కొత్త విధానంలోనే ఉన్నాను. రెండు లక్షలు జీతంలో తగ్గుతాయని లెక్కలో వేసుకున్నాను. ఆ వరుస కొట్టేశాను. టీడీఎస్ సంగతి అసలు తెలియదు, చాలా కృతజ్ఞతలు.

దుకాణం_ద్వారకానగర్
ఇళ్లవారి మధ్యలో దుకాణం మాట చెప్పవచ్చో లేదో తెలియదు. నాకు ద్వారకానగర్‌లో ఒక దుకాణం ఉంది, మందుల షాపుకు అద్దెకిచ్చాను. అద్దె ఏటా 5 శాతం పెరిగేలా తొమ్మిదేళ్ల ఒప్పందం రిజిస్టర్ చేయించాం. నాకు స్థిర వడ్డీ కుదిరింది, ఐదేళ్లకు. ఎందుకంటే వచ్చేదీ తెలుసు, పోయేదీ తెలుసు. ఇల్లు అలా కాదు. పదకొండు నెలల ఒప్పందం, అద్దెకున్నవారు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. వారు వెళ్లినప్పుడు ఫ్లాటు అమ్మి అప్పు తీర్చేయాలనిపిస్తే ముందస్తు రుసుము లేని అప్పు చేతిలో ఉండాలి. వ్యక్తులు ఇంటి కోసం తీసుకున్న ఫ్లోటింగ్ రుణాలకు ఆ రుసుము వేయకూడదని బ్యాంకులకు 2012లోనే చెప్పారు. బ్యాంకుల స్థిర వడ్డీ రుణాలకు అలాంటి రక్షణ లేదు, వారి విధానం ఎలా ఉంటే అలా.

సీతమ్మధార_శారద
ఇది చాలా ముఖ్యమైన మాట. మేం 2009లో ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే.

గాజువాక_గణపతి
నాది 2018 రుణం, ఎంసీఎల్ఆర్ పద్ధతిది, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చు మీద లెక్కగట్టే వడ్డీ. 2025లో రెపో ఫిబ్రవరిలో 6.50 నుంచి 6.25, ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25 అయింది. మొత్తం ఒకటింపావు శాతం. నా వడ్డీ పావు శాతమే తగ్గింది! బ్యాంకులో అడిగితే మీది ఏడాదికోసారి మారే రకం అన్నారు. ఫ్లోటింగ్ అని సంబరపడేవారు ఇది కూడా చూడాలి.

వడ్డీ_లెక్క
గణపతి గారూ, రెపో పద్ధతికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. కొద్దిపాటి రుసుము ఉంటుంది, వడ్డీ తేడాలోనే అది కొన్నాళ్లకు వచ్చేస్తుంది. బ్యాంకు తనంత తాను మార్చదు.

గాజువాక_గణపతి
సోమవారం వెళ్తున్నాను.

పెందుర్తి_పద్మ
ఫ్లోటింగ్ తీసుకుని, వడ్డీలు పెరిగేటప్పుడు స్థిర వడ్డీకి మారిపోవచ్చు కదా? అలా మారే హక్కు ఇచ్చారని ఎక్కడో చదివాను.

వడ్డీ_లెక్క
2023 ఆదేశంలో ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి ఆ అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టానికి వదిలేశారు. ఇచ్చినా, అందరూ పెరుగుతుందని భయపడే రోజున స్థిర వడ్డీ కూడా పెరిగే ఉంటుంది. వాన మొదలయ్యాక గొడుగు కొనడానికి వెళ్లినట్టు.

కొమ్మాది గారికి ఒక దారి చెబుతాను, ఇది నేను ఎంవీపీ కాలనీ ఫ్లాటు విషయంలో ఆరేళ్లుగా చేస్తున్నదే. ఫ్లోటింగ్ రుణం తీసుకోండి, కానీ స్థిర వడ్డీ ఈఎంఐ కట్టండి. అంటే 37,640 బదులు నెలకు 42,683. అదనపు 5,043 అసలులోకి వెళ్తుంది. వడ్డీ 8 దగ్గరే ఉంటే 240 నెలల అప్పు 183 నెలల్లో తీరుతుంది.

వడ్డీ పెరిగితే? మూడేళ్లు ఇలా కట్టాక మీ బాకీ దాదాపు 39.86 లక్షలు ఉంటుంది. ఆ సంస్థ దగ్గర అదే ఈఎంఐ కట్టి ఉంటే 42.45 లక్షలు. రెండు లక్షల అరవై వేలు మీరు ముందున్నారు. ఆ రోజు నుంచి మిగిలిన పదిహేడేళ్లూ మీ వడ్డీ 10.75 శాతం దగ్గర నిలిచి ఉంటేనే ఇరవై ఏళ్ల నిజమైన 9.75తో సమానమవుతుంది. అంటే రెపో 8 శాతం కావాలి.

అలా జరగదని నేను అనను. 2008 జూలైలో రెపో 9 శాతం. 2011 అక్టోబరులో 8.5. 2014 జనవరిలో 8. కానీ ఏదీ పదిహేడేళ్లు నిలవలేదు. 9 శాతం నుంచి తొమ్మిది నెలల్లో 4.75కు వచ్చింది.

ఉక్కునగరం_వాసి
లెక్క ఒప్పుకుంటాను. ఒక్క షరతు. ఆ ఐదు వేలు నిజంగా ప్రతి నెలా కట్టాలి. "ఈ నెల పెళ్లి ఉంది, వచ్చే నెల కడదాం" అన్నామంటే ఈ లెక్క కాగితం మీదే ఉంటుంది. నేను మొదటి రెండేళ్లు అదే చేశాను, అందుకే 2023లో అంత నొప్పి. అదనపు సొమ్మును గడువు తగ్గింపు కిందే జమ చేయాలని బ్యాంకుకు రాసివ్వడం కూడా మరవకండి, లేకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించేస్తారు.

తీరం_వీధి
దీనికి తోడు ఆరు ఈఎంఐల సొమ్ము డిపాజిట్‌గా పక్కన ఉండాలి. 37,640 లెక్కన రెండుంపావు లక్షలు. అది లేకుండా అద్దె ఇంటికి ఏ వడ్డీ అయినా ప్రమాదమే. ఉందా బాబూ?

కొమ్మాది_కొత్తిల్లు
లేదండీ. రిజిస్ట్రేషన్‌కు దాచినది పోతే చేతిలో లక్ష మిగులుతుంది.

తీరం_వీధి
అయితే ధర తగ్గించమని అడగండి, లేదా ఆరు నెలలు ఆగండి. కట్టిన ఫ్లాటు ఎక్కడికీ పోదు.

ఎన్ఏడీ_కూడలి
ఫ్లాటు పోదు కానీ ధర పోతుంది. ఆగమని చెప్పడం తేలిక.

సీతమ్మధార_శారద
ధర పోతే ఇంకో ఫ్లాటు వస్తుంది. ఈఎంఐ తప్పితే సిబిల్ స్కోరుతో పాటు రాత్రి నిద్ర కూడా పోతుంది. నేను తీరం గారి వైపే.

కొమ్మాది_కొత్తిల్లు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను.

ఆ గృహ రుణ సంస్థకు వద్దని చెప్పేశాను. ప్రాసెసింగ్ ఫీజు కింద కట్టిన ఐదు వేలు తిరిగి రావు, పోనీ. బ్యాంకుకు వెళ్లి ఉక్కునగరం గారు, వడ్డీ లెక్క గారు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడిగాను. రెపో మీద వారు వేసే అదనం 2.75 శాతం. నా రుణ చరిత్ర బాగా దెబ్బతింటే తప్ప అందులో నా మీద వేసే రిస్కు భాగం పెంచకూడదని వారే చూపించారు. మేనేజరమ్మ ఓపిగ్గా చెప్పారు.

ఇంటి యజమానితో మాట్లాడితే లక్షన్నర తగ్గించడానికి ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ రెండు నెలల తర్వాత పెట్టుకుందామన్నాను, సరే అన్నారు. ఈలోగా నా బోనసు వస్తుంది, మా ఆవిడ చిట్టీ ఒకటి పూర్తవుతుంది. ఈ మూడూ కలిస్తే ఆరు ఈఎంఐలు పక్కన పెట్టగలను. ఫ్లోటింగే తీసుకుంటున్నాను. నెలకు 42,700 కట్టేలా ఖాతా నుంచి ఆదేశం ఇస్తాను, అది జీతం పడిన మర్నాడే పోతుంది.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే ఈ చర్చ మొత్తం ఫోనులో చదివి, పెదవాల్తేరు పెద్దాయన గారు డాక్‌యార్డులో ఏ విభాగంలో చేశారో అడగమన్నారు. నాన్న షిప్‌యార్డులో చేశారు.

పెదవాల్తేరు_పెద్దాయన
హల్ విభాగం. మీ నాన్నగారిని ఒక ఆదివారం మా ఇంటికి తీసుకురండి బాబూ, పై అంతస్తు కూడా చూపిస్తాను.

తీరం_వీధి
రెండు నెలల తర్వాత రిజిస్ట్రేషన్ అంటే ఆషాఢం దగ్గర పడుతుంది. తాళాలు చేతికొచ్చిన రోజే టు-లెట్ బోర్డు పెట్టండి, గ్రిల్సుకు ముందు రెడాక్సైడ్ కొట్టించి ఆపైన రంగు వేయించండి. అద్దెకు వచ్చేవారు ముందు చూసేది కిటికీలే.